అక్క చెప్పిన రెండో సగం

మా వాడ ఆడవాళ్ళం సినిమాలు సగమే చూసేవాళ్ళం. టికెట్టు మాత్రం పూర్తిది కొనేవాళ్ళం. ఈ మాట చెబితే మా కోడలు నమ్మదు. "సగం చూసి ఎట్ల లేస్తరత్తమ్మా, పాణం ఎట్ల ఒప్పుతది?" అంటుంది. పాణం ఒప్పేది కాదు. అయినా లేచేవాళ్ళం.

గోదావరిఖనిలో ఆ రోజుల్లో మా వంట, మా నిద్ర, మా పండుగలు అన్నీ బొగ్గుబాయి షిఫ్టును బట్టి నడిచేవి. రెండో షిఫ్టు వారమైతే ఇంటాయనకు అన్నం పెట్టి పంపే వేళకే మ్యాట్నీ మొదలైపోయేది. రాత్రి షిఫ్టు వారమైతే ఆయన పగలంతా ఇంట్లో పడుకుని ఉంటాడు, గిన్నె చప్పుడైతే లేచి కూర్చుంటాడు, గడప దాటడానికి లేదు. ఆదివారం టాకీసు మగవాళ్ళతో నిండిపోయేది. మాకు మిగిలింది మొదటి షిఫ్టు వారం ఒక్కటే. ఆ వారం మ్యాట్నీకి పోవచ్చు గానీ, సినిమా సగంలో ఉండగా షిఫ్టు వదిలిన సైరను కూత వినిపించేది. మాది రేకుల టాకీసు. తెర మీద ఎవరెంత గట్టిగా మాట్లాడుతున్నా కూతదే పైచేయి. ఆ కూత విని ఆపరేటరు ఇంటర్వెల్ వేసేవాడు. కథ ఎక్కడుందో ఆయనకు పట్టదు. హీరోయిన్ ఏడుస్తూ నోరు తెరిచి ఉండగానే లైట్లు వెలిగేవి. అడ్డగోడకు ఇవతల ఆడవాళ్ళ బెంచీలు గబగబా ఖాళీ అయ్యేవి.

ఎందుకంటే, బాయిలోంచి పైకొచ్చిన మనిషి ఇల్లు చేరేలోపు పొయ్యి మీద స్నానానికి నీళ్ళు కాగి ఉండాలి. నెత్తి నుంచి మడమ దాకా నల్లగా, కళ్ళు, పళ్ళు మాత్రమే తెల్లగా వచ్చి గడప బయట నిలబడి ప్రతి మగవాడూ అడిగే మొదటి మాట "నీళ్ళు కాగినయా?" అనే. పెళ్ళాం ఎట్లా ఉంది, పిల్లవాడి జ్వరం తగ్గిందా, కూరేమిటి, అవన్నీ ఒళ్ళు తెల్లబడ్డాకే.

వాడ మొత్తంలో సినిమా చివరిదాకా చూసేది మా పక్కింటి అక్క ఒక్కతే. ఆమె ఎవరికీ నీళ్ళు కాగబెట్టాల్సిన పని లేదు. నేను ఆ వాడకు రాకముందే బాయిలో పైకప్పు కూలి ఆమె పెనిమిటి పోయాడు. పిల్లలు లేరు. కంపెనీ ఆమెకు ఆఫీసులో ఊడ్చే పని ఇచ్చింది. తెల్లవారకముందే పోయి, పొద్దున నల్లా నీళ్ళు వచ్చే వేళకల్లా వచ్చేసేది. మేమంతా కూత విని పరుగెత్తుతుంటే ఆమె బెంచీ మీద కదలకుండా కూర్చుని, "పోండ్రి పోండ్రి, రేపు చెప్త" అనేది.

చెప్పేది కూడా. మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందెలు వరుసలో పెట్టి మేం చుట్టూ చేరేవాళ్ళం. నేను జీవితంలో చాలామంది కథలు చెప్పగా విన్నాను. హరికథలు విన్నాను, ఉపన్యాసాలు విన్నాను, మా వియ్యపురాలి తీర్థయాత్రలు విన్నాను. అక్క దగ్గర వీళ్ళెవరూ పనికిరారు. బిందె చంకన పెట్టుకుని నాలుగడుగులు వేస్తే హీరోయిన్ నడిచినట్టే ఉండేది. విలన్ నవ్వు నవ్విందంటే చంకలో పిల్లలు ఏడుపు అందుకునేవాళ్ళు. పాట వస్తే పాడేది కాదు, గొంతు బాగుండదని ఆమెకు తెలుసు. పాటను మాటగా చెప్పి, "గిప్పుడు చెట్టు సుట్టూ తిరిగిన్రు, గిప్పుడు ఆమె కొంగు వట్టిండు" అని చేత్తో చూపించేది. ఏ సీన్లో ఏ రంగు చీర కట్టిందో తప్పేది కాదు. సినిమాలో రంగులు లేకపోయినా చీర రంగు చెప్పేది. "నల్లది తెల్లది సినిమాల నీకు ఎర్ర చీర ఎట్ల కనవడ్డదే?" అని ఎవరో అడిగితే, "పెండ్లి సీనుల ఇంకేం రంగు కడ్తది?" అంది.

ఆ నల్లా దగ్గర జరగని చర్చ లేదు. నల్లాకు ఇటువైపు ఇళ్ళవాళ్ళం ఒక హీరో పక్షం, అటువైపువాళ్ళు ఇంకో హీరో పక్షం. మా హీరో సినిమా వచ్చిన వారం వాళ్ళు బిందెలు ముందుకు జరపనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ హీరో సినిమా ఆడకుండా పోయిన వారం మేం మాట్లాడకుండా నవ్వేవాళ్ళం, అది తిట్టినదానికన్నా ఎక్కువ మండేది వాళ్ళకు. రాబోయే సినిమాల సంగతులు బడిలో చెప్పే టీచరమ్మ తెచ్చేది. వాళ్ళది చర్చికి పోయే కుటుంబం, తాత కాలం నుంచీ బెల్లంపల్లి బాయిల్లో పనిచేసినవాళ్ళు. ఆమె ప్రతి వారం సినిమా పత్రిక కొనేది, ప్రతి ఆదివారం ఇక కొననని ప్రార్థనలో అనుకునేదట.

నా సంగతి చెప్పాలి. నేను పల్లెటూరి నుంచి పెళ్ళయి వచ్చాను. మా ఊళ్ళో మనుషులు నేల మీద పనిచేస్తారు. ఈయన పొద్దున్నే అన్నం గిన్నె పట్టుకుని నేల కిందికి పోతాడు. ఆ ఆలోచనే నాకు పడేది కాదు. ఆయన పోయినప్పటి నుంచి వచ్చేదాకా ముద్ద దిగేది కాదు. మాది రెండెకరాల చెల్క, దాన్నే దున్నుకుందాం, ఊరికి పోదామని రోజూ పోరుపెట్టేదాన్ని. "ఆ చెల్కల బండలు తప్ప ఏం పండుతయే?" అనేవాడాయన మెల్లగా. ఆయన మెత్తటి మనిషి, నేను కాదు. నువ్వు రాకపోతే నేను ఒక్కదాన్నే పోతా, మళ్ళీ రాను అని చెప్పి ట్రంకు పెట్టె సర్దుకున్నాను. మా తమ్ముణ్ణి వచ్చి తీసుకుపొమ్మని కబురు కూడా పంపాను. వాడ మొత్తానికి తెలిసిపోయింది. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్క చుట్టాలింటికని మంచిర్యాల పోయి, అక్కడ ఒక హిందీ సినిమా చూసి వచ్చింది. మా టాకీసుకు హిందీ సినిమాలు అంతగా రావు. నల్లా దగ్గర ఆ పొద్దున ఎంత గుంపో. నేను ముందు వరుసలోనే ఉన్నాను, ఎంత కోపంలో ఉన్నా సినిమా కథ వదులుకునేదాన్ని కాదు.

హీరో కొండలో సొరంగం తవ్వే కూలీ. పెళ్ళానికి ఆ పని ఇష్టం లేదు. వద్దు, పోదాం, ఊరికి పోదాం అని ఏడుస్తుంది. నా దిక్కు చూడకుండానే చెప్పింది అక్క ఆ మాట. ఒకనాడు సొరంగం కూలింది. పెళ్ళాం వచ్చి సొరంగం నోటి ముందు కూర్చుంది. అందరూ ఇంటికి పొమ్మన్నారు. పోలేదు. ఎవరో చేయి పట్టి లేపి ఇంటికి తీసుకుపోతే పొయ్యి ముందు కూర్చుంది. అక్కడ అక్క ఆగింది.

"అప్పుడు గడప కాడ ఎవడో నిలవడ్డడు. ఒళ్ళంత మన్ను. కండ్లు తప్ప ఏం కనవడ్తలేవు. ఇది గుర్తు వట్టలే. ఎవరయ్యా నువ్వు అన్నది. వాడు ఏమన్నడో ఎరుకేనా? నీళ్ళు కాగినయా, సబ్బు ఏడ వెట్టినవే, అన్నడు."

మేం ఏడ్చాం, నవ్వాం, ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం. నా బిందె ఎప్పుడో నిండి నీళ్ళు కాళ్ళ మీద పారుతున్నాయి. హిందీవాడు సబ్బెందుకు అడిగాడని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇంటికి పోయి ట్రంకు పెట్టెలోంచి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేశాను. సినిమా కథ విని కాపురం నిలబెట్టుకుందని మీరు నవ్వినా నాకేం ఫికర్ లేదు. బాయి కూలినా మనిషి తిరిగి రావచ్చు అని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. తమ్ముడు వస్తే కోడిని కోసి పెట్టి పంపించాను.

ఆ కథ మా వాడ కథ అయిపోయింది. చూసింది ఒక్కతే, కానీ అందరికీ అదే ఇష్టమైన సినిమా. ఎవరింట్లో మనసు బాగాలేకపోయినా, "అక్కా, సొరంగం సినిమా చెప్పరాదే" అనేవాళ్ళు. అక్క విసుక్కోకుండా చెప్పేది. నేనైతే ఆ చివరి మాట కోసం ఎన్నిసార్లయినా వినేదాన్ని.

కొన్నేళ్ళకు టీచరమ్మ నల్లా దగ్గరికి పత్రిక ఊపుకుంటూ వచ్చింది. సొరంగం సినిమాను తెలుగులో తీస్తున్నారట. ఆ రోజు ఎవరింట్లోనూ వంట సమయానికి కాలేదు. మా హీరో వేస్తున్నాడని తెలిసి మా పక్కంతా గంతులు. అటుపక్కవాళ్ళు, "మీవోనికి మన్ను వూసినా పౌడరు పోదు" అన్నారు. పెళ్ళాం వేషానికి ఎవరు సరిపోతారనే దాని మీద ఇద్దరు తోడికోడళ్ళు మాటలు మానుకున్నారు. మనవాళ్ళు రీమేకు తీస్తే పాటలు ఎక్కువ పెట్టి కథ చెడగొడతారని నా భయం. టీచరమ్మ పత్రికలో చదివి వినిపించింది. నిర్మాత చెప్పాడట, ముగింపు ఏమాత్రం మార్చలేదు, హిందీలో ఉన్నది ఉన్నట్టే తీశాం అని. అందరం చప్పట్లు కొట్టాం. అక్క మాత్రం బిందె ఎత్తుకుని, "నాకు పొయ్యి మీద చారున్నది" అని వెళ్ళిపోయింది. చారు ఎక్కడికీ పోదు గదా అనుకున్నాను గానీ అంతకుమించి ఆలోచించలేదు.

రీలు పెట్టె రామగుండం స్టేషన్లో దిగిందని, మైకు కట్టిన రిక్షా వాడల్లో తిరగకముందే మాకు తెలిసిపోయింది. అదృష్టం కొద్దీ మొదటి షిఫ్టు వారం. ఈసారి కూత వినిపించినా లేచేది లేదని వాడ ఆడవాళ్ళం ఒట్టు పెట్టుకున్నాం. ఎవరి మొగుళ్ళకు వాళ్ళం ముందే చెప్పాం. ఈ ఒక్కనాడు మీ నీళ్ళు మీరే కాగబెట్టుకోండ్రి అని. మా ఆయన, "ఏం సినిమానే అది, ఇంటి మనిషి కన్నా ఎక్కువైందా?" అన్నాడు. ఆ సినిమా వల్లే ఇంటి మనిషి ఇంట్లో ఉందని ఆయనకు తెలియదు.

అక్క రానంది. కాళ్ళు నొప్పులంది, చూసిందే గదా అంది. రెక్క పట్టుకుని తీసుకుపోయాం. నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. మొదటి సగం బాగుంది. పాటలు నేను భయపడ్డంత లేవు. మా హీరో నిజంగానే మన్ను పూసుకున్నాడు. కూత వినిపించింది, లైట్లు వెలిగాయి. ఒక్క ఆడమనిషి లేవలేదు. ఆపరేటరు తన గదిలోంచి తల బయటపెట్టి ఇటు చూశాడు, ఏమైందో అర్థం కాక. లేచింది అక్క ఒక్కతే.

"లెవ్వుండ్రే పోదాం. వాళ్ళు డ్యూటీ చేసి వస్తరు. సల్లనీళ్ళు పోసుకుంటరా? చివర నేను చెప్పిందే గదా."

ఎన్నడూ లేవని అక్క లేస్తే మాకు నవ్వొచ్చింది. నేను కొంగు పట్టి లాగి కూర్చోబెట్టాను. లైట్లు ఆరిపోయాయి.

సొరంగం కూలింది. పెళ్ళాం వచ్చి కూర్చుంది. మేం ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని, ఇదిగో ఇప్పుడు వస్తాడు, ఇప్పుడు గడప దగ్గర నిలబడతాడు అని చూస్తున్నాం. తలుపు చెక్క మీద ఎవరినో మోసుకొచ్చారు. ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. మా వెనక ఎవరో, "గది వేరేటోనిది, హీరోది గాదు" అన్నారు గట్టిగా. గుడ్డ తీశారు. హీరోదే. తర్వాత తెల్లచీర, తర్వాత సూర్యోదయం, తర్వాత శుభం.

మా ఆడవాళ్ళ కోపం అప్పుడు చూడాల్సింది. అందరూ నేరుగా గేటు దగ్గరికి పోయి టికెట్లు చింపే ఆయన్ని పట్టుకున్నారు.

"చివరి రీలు ఏది? మాకు ఏరే రీలు ఏసిన్రు."

"పెట్టెల ఉన్నయన్ని ఏసినమమ్మా."

"హిందీల వాపసు వచ్చిండు. నీళ్ళు కాగినయా అన్నడు. గా రీలు స్టేషన్ల మర్చి వచ్చిన్రు మీరు."

ఆయన పాపం పెట్టె తెచ్చి చూపించాడు. ఖాళీ డబ్బాలు చూసి మేమేం చేసుకోవాలి. టీచరమ్మ ఇకమీదట ఆ పత్రిక కొననని అక్కడే ప్రకటించింది. నిర్మాతకు కథ తెలియదన్నారు, పెళ్ళాం పిల్లలు లేనివాడన్నారు. అక్క తప్పు చెప్పి ఉండవచ్చని ఒక్కరి నోట కూడా రాలేదు. ఆమె మీద వాళ్ళకు ఉన్న నమ్మకం అట్లాంటిది.

నేను అరవలేదు. ముగింపు మార్చలేదని పత్రికలో రాసిన మాట నా బుర్రలో తిరుగుతోంది. అక్క అందరికన్నా వెనక మెల్లగా నడుస్తోంది. నేను ఆగాను.

"హిందీల ఏమైతదక్కా?"

అక్క నడుస్తూనే చెప్పింది. "గిదే అయితది చెల్లె. సచ్చిపోతడు."

"మరి మాకు గట్లెందుకు చెప్పినవ్?"

"సచ్చిండనే చెప్దామనుకున్న. నువ్వు ముంగట కూసున్నవ్. బిందె నిండి పొర్లుతున్నా నీకు సోయి లేదు. పెట్టె సర్దుకున్నవని అందరు అనుకుంటున్నరు. నా నోట్లెకెళ్ళి గా మాట రాలే."

నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్ళు నేను పట్టుకుని వేలాడింది అబద్ధాన్నా అని ఒళ్ళు మండింది. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. ఆమె మళ్ళీ అంది, నాతో కాదు, దారితో అన్నట్టు.

"గానాడు నేను నీళ్ళు కాగబెట్టే ఉంచిన. సబ్బు గూడ రాయి మీద వెట్టిన. కబురు తెచ్చినోల్లు వాకిట్లకు వచ్చినా బొగ్గులు ఏస్తనే ఉన్న, నీళ్ళు సల్లారుతయేమో అని."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఇల్లొచ్చేదాకా వదల్లేదు. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. ఏ సినిమాకైనా మంచి ముగింపు ఎవరు రాశారని నన్నడిగితే నేను ఈమె పేరే చెబుతాను. ఆమె పోయిన పెనిమిటిని కథలో తన ఇంటి గడపకు తెచ్చుకుంది. తను ఉంచుకోకుండా మాకిచ్చింది.

మా ఇంటి ముందు ఆయన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళంతా బొగ్గు. పొయ్యి ముట్టించనే లేదు. చెప్పిందంతా ఒప్పుకుని ఏదీ చేయకపోవడం ఆయన పద్ధతి. నన్ను చూసి పళ్ళు బయటపెట్టి నవ్వి, "నీళ్ళు కాగినయా?" అన్నాడు.

పక్కింటి తలుపు తీస్తున్న అక్క చేయి ఆగింది. తర్వాత తలుపు తీసుకుని లోపలికి పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నావని అడిగితే సినిమా బాగాలేదన్నాను. గబగబా పొయ్యి ముట్టించి నీళ్ళు పెట్టాను. ఆ సాయంత్రం ఆయన వీపు నేనే రుద్దాను.

మర్నాడు నల్లా దగ్గర ఇంకా తిట్లు నడుస్తూనే ఉన్నాయి. మూల ఇంటికి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతి ఉంది. సినిమాకు రాలేదు. మొగుడు బాయి నుంచి వచ్చేదాకా కిటికీ వదిలేది కాదు. బిందె పట్టుకుని నిలబడి, "అక్కా, సినిమాల చివర ఏమైతది?" అని నన్ను అడిగింది. తిడుతున్నవాళ్ళంతా నా దిక్కు తిరిగారు. అక్క అప్పుడే బిందెతో వస్తోంది.

"టాకీసోల్లు చివరి రీలు మర్చి వచ్చిన్రు" అన్నాను నేను. "అసలు కథ నేను చెప్త విను."

నాకు అక్కలా చెప్పడం రాదు. నడక చూపించబోయి బిందె ఒలకబోశాను. చీరల రంగులు మర్చిపోయాను. అయినా సొరంగం కూలగొట్టాను, పెళ్ళాన్ని పొయ్యి ముందు కూర్చోబెట్టాను, గడప దగ్గర మన్ను మనిషిని నిలబెట్టాను. "ఎవరయ్యా నువ్వు అన్నది. అప్పుడు వాడన్నడు, నీళ్ళు కాగినయా అని."

ఆ పిల్ల ముఖంలోకి నవ్వు రావడం నేను చూశాను. అక్క కూడా చూసింది. తన బిందె నల్లా కింద పెట్టి, నిండుతున్న నీళ్ళ దిక్కే చూస్తూ అంది.

"సబ్బు గూడ అడిగిండు. అది మరువకు."